కాడిలాక్ కారు : ప్రమాణమునకు, ప్రతిష్ఠకు నడుమ

మన సంఘపు ప్రత్యేక సంచికలో అమెరికా దేశపు కారును గూర్చిన వ్యాసమేల యని చదువరులలో కొందరు అనుకొనవచ్చును. శతకములను గూర్చియు, హరికథలను గూర్చియు, మన పూర్వులు కట్టించిన సత్రములను గూర్చియు వ్రాయువారికి మన సంచికలలో ఎన్నడును కొరత లేదు. కావున మేము ఈ పర్యాయము ఒక వస్తువును విమర్శకు చేకొనుచున్నాము. కావ్యమునకు వలెనే మనుష్యుడు చేసిన వస్తువునకును ఒక చరిత్ర, ఒక పేరు, ఆ పేరు చాటున ఒక మాట ఉండును. ఆ మాటకు వస్తువు తగియున్నదా లేదా యని తూచి చూచుటయే విమర్శ. కాడిలాక్ కంపెనీవారు నూరేండ్లకు పూర్వము తమ కారును 'ప్రపంచమునకు ప్రమాణము' అని చాటుకొనిరి. అంత పెద్దమాట ఎట్లు పుట్టినది, ఎంతకాలము నిజమై నిలిచినది, ఎప్పుడు వట్టిమాట యైనది అనునదే మా విచారణ.

ప్రమాణము అను పదమునకు మన భాషలో మూడర్థములు వాడుకలో నున్నవి. కొలత యొకటి, రుజువు రెండవది, ఒట్టు మూడవది. ఆ కంపెనీవారు తలచినది మొదటి యర్థమే కావచ్చును గాని, వారి చరిత్రను చదువుచుండగా మాకు మూడర్థములును అవసరమైనవి. పూర్వము మన యంగళ్ళలో మానిక, తవ్వ, సోల యని కొలపాత్రలుండెడివి. మానిక సరియైనదైనచో వర్తకుడు నోరు విప్పి తన నిజాయితీని చెప్పుకొన నక్కరలేదు. మానిక అడుగున లక్క అంటించినవాడు ఎన్ని ఒట్లు పెట్టుకొన్నను రెండు సంతలు గడుచు లోపల బయటపడును. కాడిలాక్ కథ ఇంచుమించుగా ఆ మానిక కథయే.

మొదట పేరును చూతము. ఆంటువాన్ లోమే అను ఫ్రెంచివాడొకడు 17వ శతాబ్దమున అమెరికా ఖండమునకు వచ్చి, తాను గొప్ప వంశమువాడనని తోచునట్లు 'ద లా మోత్ కాడిలాక్' అను బిరుదమును తానే తగిలించుకొని, వంశచిహ్నమును కూడ తానే కల్పించుకొనెను. 1701లో డెట్రాయిట్ పట్టణమునకు పునాది వేసినవాడు అతడే. ఆ పట్టణమున 1902లో కార్ల కంపెనీని స్థాపించినవారు అతని పేరును తమ కారునకు పెట్టి, తరువాత ఆ కల్పిత చిహ్నమును కూడ దాని నుదుట అతికించిరి. ఆ డాలును, ఆ కిరీటమును ఏ రాజును ఇచ్చినవి గావు. పేరు అరువు, చిహ్నము అరువు. పనితనము మాత్రము సొంతము. ఆ సొంత పనితనమే అరువు పేరునకు పరువు తెచ్చినది.

ఆ పనితనమునకు కర్త హెన్రీ లేలండు. ఇతడు 1843లో వెర్మాంటు రాష్ట్రమున రైతు కుటుంబమున జన్మించెను. అమెరికా అంతర్యుద్ధ కాలమున స్ప్రింగ్‌ఫీల్డు నందలి ప్రభుత్వ ఆయుధాగారములోను, పిమ్మట కోల్ట్ తుపాకుల కార్ఖానాలోను, ఆ తరువాత కొలత పనిముట్లకు పేరుపొందిన బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీలోను పనిచేసెను. ఒక తుపాకిలో ఒక భాగము విరిగినచో, వేరొక తుపాకినుండి అదే భాగమును తీసి అమర్చగలిగి యుండవలెను. అట్లు అమరవలెనన్నచో ప్రతి భాగమును వెండ్రుకవాసి తేడా లేక ఒకే కొలతకు రావలెను. ఈ విద్యను లేలండు ఆయుధశాలలలో నేర్చెను. 1902లో హెన్రీ ఫోర్డు తన పేరిట నున్న కంపెనీనుండి, భాగస్వాములతో పొసగక, వెడలిపోయెను. మిగిలిన భాగస్వాములు యంత్రములను అమ్మివేయదలచి, వెల కట్టుటకు లేలండును పిలిచిరి. వెల కట్ట వచ్చినవాడు అమ్మవలదని చెప్పి, తన యొద్ద నున్న మంచి ఇంజనుతో కారు చేయవచ్చునని వారిని ఒప్పించెను. కాడిలాక్ పుట్టుక అది. 1903 జనవరిలో న్యూయార్కు ప్రదర్శనయందు, 750 డాలర్ల వెలగల ఈ ఒంటి సిలిండరు బండికి రెండువేలకు పైగా ఆర్డర్లు వచ్చెను. అప్పటి కిది మహారాజుల బండి కాదను సంగతిని చదువరులు గుర్తుంచుకొన గోరుదుము.

పెద్దమాటకు అర్హత 1908లో వచ్చినది. ఆ దినములలో ఐరోపాలోని మేటి కార్లను సయితము పనివాడు ఆకురాయి చేతబట్టి, ఒక్కొక్క భాగమును రాచి రాచి, దాని జతకు సరిపెట్టెడివాడు. ఒక కారు భాగము మరియొక కారున పట్టెడిది కాదు. చవుకబారు అమెరికా సరుకని ఇంగ్లండులో చిన్నచూపు చూడబడుచుండిన కాడిలాకును, అచ్చటి ఏజెంటగు ఫ్రెడరిక్ బెన్నెట్ రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పరీక్షకు నిలిపెను. అమ్మకమునకు సిద్ధముగా నున్న బండ్లనుండి మూడింటిని ఎన్నుకొని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటకు తీసికొనిపోయిరి. అచ్చట వానిని పూర్తిగా విప్పిరి. ఒక్కొక్క దానిలో 721 భాగములు. మూడింటివియు కలిపి ఒక కుప్పగా పోసి కలియబెట్టిరి. అంతటితో విడువక, తొంబది వరకు భాగములను తీసి దాచి, వానికి బదులు ఏజెంటు కొట్టునందలి విడిభాగములను ఉంచిరి. ఒక తాళము వేసిన కొట్టిడిలో స్పానర్లు, స్క్రూడ్రైవర్లు వంటి సామాన్యపు పనిముట్లతోనే పనివాండ్రు ఆ కుప్పనుండి మరల మూడు కార్లను కట్టిరి. ఆకురాయి తాకించుటకు వీలు లేదు. ఒక బండి రెక్కలు మరియొక బండికి అమరుటచే రంగులు కలగాపులగమై, ఆ కార్లు చూచుటకు పగటివేషగాండ్ర దుస్తులవలె నుండెను. అయినను మూడును కదలి, ఒక్కొక్కటి 500 మైళ్ళు బాటచుట్టును పరుగెత్తినవి. ఆ యేటి డ్యూయర్ ట్రోఫీ కాడిలాకునకు దక్కెను. ఒక అమెరికా కారునకు అది దక్కుట అదే మొదలు.

ఈ ఘట్టమును మేము ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. ఇచ్చట ప్రమాణము అను పదము మూడర్థములందును నిజమైనది. కొలత సరిగా నున్నది. పదిమంది యెదుట రుజువైనది. కొన్నవానికి, విరిగిన భాగమునకు బదులు భాగము తప్పక అమరునను మాట దక్కినది. వేగమును గూర్చి గాని, అందమును గూర్చి గాని ఇచ్చట ప్రస్తావన లేదు. పరులు, వైరము గలవారు సయితము విప్పి చూచుకొనవచ్చునని తన వస్తువును కుప్పపోయించిన ధైర్యమే ఆ కీర్తికి మూలము. స్వీడను దేశస్థుడగు యొహాన్సన్ చేసిన ఉక్కు కొలత దిమ్మెలను అమెరికాలో తొలుత తెప్పించుకొన్నవారిలో లేలండు ఒకడు. పేరు ఆ దిమ్మెలమీద నిలిచినది.

1909లో జనరల్ మోటార్స్ సంస్థ కాడిలాకును కొనెను. లేలండు మాత్రము పెత్తనము వదలలేదు. ఆ దినములలో కారును కదలించుటకు ముందువైపు ఇనుప పిడిని చేతితో త్రిప్పవలెను. పిడి వెనుదన్ని చేతులు విరిగినవారెందరో. చార్లెస్ కెటరింగు కనిపెట్టిన విద్యుత్ స్టార్టరును 1912 మాదిరి కాడిలాకునందు అమర్చిరి. దానితో బలము తక్కువగల వృద్ధులకును, స్త్రీలకును ఒంటరిగా కారు నడుపు స్వాతంత్ర్యము కలిగినది. దీనికి రెండవమారు డ్యూయర్ ట్రోఫీ లభించెను. 1914లో ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చినది. అమెరికాలో అట్టి ఇంజనును పెద్దయెత్తున తయారుచేసి అమ్మినది కాడిలాకే.

ఆ క్రొత్త ఇంజనునందు మొదట కొన్ని విద్యుత్ లోపములు బయటపడెను. పోటీదారులు ఎత్తిపొడవసాగిరి. అందులకు జవాబుగా 1915 జనవరి 2వ తేదీ సాటర్‌డే ఈవెనింగ్ పోస్టు పత్రికలో థియొడోర్ మెక్‌మానస్ అను రచయిత వ్రాసిన ప్రకటన యొకటి వెలువడెను. అందు కారు బొమ్మ లేదు. వ్యాసము నడుమ కారు పేరైనను లేదు. ముందు నడుచువాడు అసూయకు గురియగుట తప్పదని, నిజముగా గొప్పదైనది నిందలను దాటి నిలుచునని మాత్రమే అందలి సారాంశము. అది ఒక్కమారే అచ్చయినను, దాని ప్రతులకై వేలకొలది ఉత్తరములు వచ్చినవట. ప్రకటనలు వ్రాయువారు నేటికిని దానిని మేలుబంతిగా చెప్పుకొందురు. గద్యముగా అది గంభీరమైనదే, మేము కాదనము. కాని 1908లో ఆక్షేపణకు జవాబుగా ఇనుప భాగములను కుప్పపోసిన కంపెనీ, 1915లో ఆక్షేపణకు జవాబుగా వాక్యములను కూర్చెను. నింద వచ్చినంత మాత్రమున గొప్పవాడని తేలదు. నిందలో నిజమెంతయని చూచుకొనవలెను. రుజువు నిలువవలసిన చోట వాగ్ధాటి వచ్చి నిలుచుట ఈ చరిత్రలో ఇదే మొదలని మా యభిప్రాయము.

1917లో లేలండు సంస్థ పెద్దలతో విభేదించి వెడలిపోయి, లింకన్ అను పేరుతో మరియొక కంపెనీని పెట్టెను. 1922లో దానిని హెన్రీ ఫోర్డు కొనెను. తాను విడిచిన కంపెనీ శిథిలములనుండి కాడిలాకును లేపినవాని రెండవ కంపెనీ ఫోర్డు చేతిలో పడుట విధి విచిత్రము. ఈ లింకన్ పేరు మరల రానున్నది గనుక చదువరులు జ్ఞాపకముంచుకొన వలయును. లేలండు వెడలినను అతడు నేర్పిన విద్య కొంతకాలము నిలిచెను. 1928లో గేర్లు చప్పుడు లేక మారు సింక్రోమెష్ పద్ధతియు, 1930లో పదునారు సిలిండర్ల మహా ఇంజనును వచ్చినవి. ఆ పదునారు సిలిండర్ల కార్లు పదునొకండేండ్లలో నాలుగువేలకు కొంచెము పైగా మాత్రమే తయారైనవి.

ఇచ్చట మరియొక సంగతిని చెప్పక విడుచుట న్యాయము కాదు. ఆర్థికమాంద్యము నాటికి కాడిలాక్ అమ్మకములు పడిపోయి, దానిని మూసివేయుదమా యను మాట పుట్టినది. అప్పుడు సర్వీసు శాఖను చూచుచుండిన నికొలాస్ డ్రైస్టాట్ అను జర్మను వలసదారుడు ఒక విషయమును కనిపెట్టెను. నల్లజాతివారికి కాడిలాకును అమ్మరాదని సంస్థ నియమము. అయినను మరమ్మతులకు వచ్చు బండ్లలో పెక్కింటి యజమానులు నల్లజాతి వైద్యులు, గాయకులు, ముష్టియోధులు. వారు ఒక తెల్లవానికి కొన్ని వందల డాలర్లు ముట్టజెప్పి, అతని పేరిట కారు కొనుచుండిరి. ఆ డబ్బు పరుల పాలగుట యేల, వారికి నేరుగానే అమ్ముదమని డ్రైస్టాట్ పెద్దలను ఒప్పించెనని పీటర్ డ్రక్కర్ తన స్మృతులలో వ్రాసియున్నాడు. 1934లో డ్రైస్టాట్ కాడిలాక్ శాఖకు అధిపతి యయ్యెను. 1949లో ఎబొనీ పత్రిక నల్లజాతివారు కాడిలాకును కొనుటకు కారణములేమి యను సంపాదకీయమును ప్రకటించినది. మంచి యింటిలో కాపురముండనీయక, మంచి హోటలులో అడుగు పెట్టనీయక తరిమిన దేశమున, డబ్బిచ్చి కొనగల గౌరవము ఆ కారొక్కటే యైనదని అందుండి మనము గ్రహింపవచ్చును. పరుల పేరిట తన సొత్తును కొనుక్కొనవలసి వచ్చుట ఎంతటి అవమానమో, పరరాష్ట్రములలో తరములుగా నివసించుచున్న మన కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక వస్తువు ప్రతిష్ఠ దానిని చేసినవారి చేతిలోనే యుండదు. కష్టపడి కొన్నవారును దానికి తమ గౌరవమును జతచేయుదురు. కాడిలాకును మూతపడకుండ నిలిపినవారిలో, దానిని కొనరాదని గుమ్మమునుండి త్రిప్పి పంపబడినవారును కలరు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము కాడిలాక్ వైభవము శిఖరమునకు చేరెను. లాక్‌హీడ్ పి-38 యుద్ధవిమానపు తోకను చూచి హార్లీ ఎర్ల్ బృందమువారు 1948 కారునకు వెనుక చిన్న రెక్కలను తీర్చిరి. 1949లో వచ్చిన క్రొత్త ఇంజను గట్టిదే. అప్పటికి రెక్కలు అలంకారము, ఇంజను ఆధారము. కాని ఏటేట రెక్కలు పెరిగి, 1959 నాటికి తుపాకిగుండ్లవంటి ఎర్రదీపములతో ఆకాశమునకు ఎగసినవి. ఆ రెక్కలతో కారు ఎగిరినది లేదు. 1957లో 13,074 డాలర్ల వెలతో వచ్చిన ఎల్డొరాడో బ్రూమ్ కారులో స్త్రీలకు అత్తరుబుడ్డి, పెదవిరంగు, పురుషులకు పానీయపు గ్లాసులు అమర్చిరి. అంత వెలకు అమ్మియు సంస్థకు ప్రతి బండిమీదను నష్టమే వచ్చెనందురు. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ తన గులాబిరంగు కాడిలాకును తల్లికి కానుకగా ఇచ్చెను; ఆమెకు డ్రైవింగు లైసెన్సైనను లేదు. అది మాతృభక్తికి నిదర్శనమే. కాని కారు నడుపుటకంటె నిలిపి చూచుకొనుటకే యన్న స్థితికి వచ్చినదని కూడ తెలుపుచున్నది. 1974లో టెక్సాస్ రాష్ట్రపు అమరిల్లో పట్టణము చెంత యాంట్ ఫార్మ్ అను కళాకారుల బృందము, 1949 మొదలు 1963 వరకు వచ్చిన పది కాడిలాకులను తలక్రిందుగా పొలములో సగము పాతిపెట్టినది. రెక్కలు పెరిగి తరిగిన క్రమము అచ్చట వరుసగా కనబడును. కాడిలాకును గూర్చి వచ్చిన విమర్శలలో ఒక్క అక్షరమైనను లేని విమర్శ అది.

ఇక ఒట్టు అను అర్థమునకు వత్తము. 1976లో టాపు మడుచు ఎల్డొరాడో కార్లను అమెరికాలో అట్టివానిలో చివరివని చాటి అమ్మిరి. చివరి వస్తువునకు వెల పెరుగునను ఆశతో పెక్కుమంది కొని దాచిరి. 1984 మాదిరిలో అదే కంపెనీ అట్టి కారును మరల తెచ్చెను. దాచుకొన్నవారు కోర్టుకెక్కి ఓడిపోయిరి. చట్టము దృష్టిలో అది తప్పు కాకపోవచ్చును. అయినను మాట యిచ్చినవారు మాట తప్పిరను భావము కొన్నవారి మనసున నిలిచినది. 1981లో అవసరమును బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో పనిచేయు ఇంజనును పెట్టిరి. ఊహ మంచిదే, దానిని నడిపించు ఆనాటి కంప్యూటరుకు ఆ వేగము చాలక బండ్లు వెక్కిరించినవి. దాని తరువాతి ఇంజనును నమ్మకము నిలుపలేదు. 1982 మాదిరిగా వచ్చిన సిమరాన్ కారైతే, అదే సంస్థవారి చవుక షెవర్లే కవలియర్‌కు తోలుసీట్లు, కాడిలాక్ చిహ్నము తగిలించినది మాత్రమే. వెల 12,000 డాలర్లకు పైన. ఒకనాడు మూడు కార్ల భాగములను కలిపిన కంపెనీ, ఈనాడు రెండు తరగతుల పేర్లను కలిపినది. మొదటి కలయికలో కొలత నిలిచినది. రెండవ కలయికలో పేరు కరగినది. 1988లో సిమరాన్ ఆగిపోయెను.

అన్నిటికంటె మమ్ము నొప్పించిన ఘట్టము 1998 నాటిది. మేము ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాపని చేసి, లెక్కల పుస్తకములతో కాలము గడిపినవారము. సంవత్సరాంతమున అంకెలు ఎటువంటి ఒత్తిడిలో వ్రాయబడునో ఎరుగుదుము. ఆ యేడు అమెరికా విలాసపు కార్ల అమ్మకములలో లింకన్ 187,121 బండ్లు అమ్మినది. కాడిలాక్ 187,343 అమ్మితిమని ప్రకటించి, 222 బండ్ల తేడాతో తానే మొదటిదాననెను. 1999 మే నెలలో సంస్థయే లెక్కలు తిరుగవేసి, డిసెంబరు అమ్మకములలో 4,773 బండ్లు ఎక్కువగా చూపబడినవని ఒప్పుకొనవలసి వచ్చెను. నిజమైన అంకె 182,570. అనగా గెలిచినది లింకన్. ఆ లింకన్ ఎవరిది? కాడిలాకునకు కొలత నేర్పిన లేలండు పెట్టిన కంపెనీ. గురువు నాటిన రెండవ చెట్టును మించుటకు, గురువు నేర్పిన కొలతనే తప్పించిరి. మానిక అడుగున లక్క అనగా ఇదియే.

విమర్శకుడు దోషములనే ఎన్నుట ధర్మము కాదు. కాడిలాక్ దీపము ఆరిపోలేదు. 1990లోనే ఆ శాఖకు నాణ్యతకై ఇచ్చు మాల్కమ్ బాల్డ్రిజ్ జాతీయ బహుమానము లభించినది. 2002లో వచ్చిన సి.టి.ఎస్. అను కారుతో మరల పనితనముపై దృష్టి నిలిపిరి. 2008లో ఆ వరుసలోని సి.టి.ఎస్.-వి కారు జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ బాటను 7 నిమిషముల 59 సెకండ్లలో చుట్టి వచ్చెను. పరదేశమున, పరుల బాటమీద, గడియారము సాక్షిగా సాధించిన ఈ గెలుపు బ్రూక్‌లాండ్స్ నాటి సంప్రదాయమునకు చేరినది. ఇటీవలి లిరిక్, సెలెస్టిక్ అను విద్యుత్ కార్లలో రెండవదాని వెల 3 లక్షల డాలర్లకు పైమాట. వెల గొప్పతనమునకు రుజువు గాదని 750 డాలర్ల మొదటి బండియే చెప్పుచున్నది. చేతిపనిగా తయారగు ఆ కారు కొలతలో ఎట్లు నిలుచునో కాలము తేల్చును.

మా తీర్పు ఇది. కాడిలాక్ గొప్పదైన దినములలో తన గొప్పతనమును పరులు విప్పి చూచుటకు అనుమతించినది. దిగజారిన దినములలో విప్పవలదని చిహ్నమును మాత్రము చూపినది. ప్రతిష్ఠ యనునది నిలువయుంచిన ధాన్యము వంటిది. పూర్వులు కొలిచి పోసినదానిని కొంతకాలము తినవచ్చును. క్రొత్త పంట చేరనిచో గాదె అడుగు కనబడును. సిమరాన్ కొన్నవాడు 1908 నాటి ధాన్యమును తినుచున్నానని అనుకొనెను. అతని పళ్ళెములో పడినది ఊక.

మన కుటుంబములలోను పేరు గొప్ప చెప్పుకొనుట కలదు. ముత్తాతగారి పాండిత్యమును, తాతగారి దానగుణమును, మన భాష తీయదనమును సభలలో తలచుకొందుము. తలచుకొనుట తప్పు కాదు. అయినను ఇతరులు వచ్చి విప్పి చూచినప్పుడు భాగములు అమరవలెను గదా. మన యింటి పిల్లవాడు తాతగారు వ్రాసిన తెలుగు ఉత్తరమును ఒకరి సాయము లేక చదువగలడా? పొరుగువారు మన మాటను నమ్మి అప్పిత్తురా? ఇవియే మనకు దొరకు కొలతలు. ఈ సంచిక చేతికి వచ్చిన సాయంకాలము ఒక్కొక్క యింట ఒక పిల్లవానిని కూర్చుండబెట్టి ఇందలి ఒక పుట చదివించి చూడవలసినదిగా చదువరులను కోరుచు విరమించుచున్నాము.